తలుపు కొట్టి తిట్లు తిన్న మావయ్య

మా మావయ్య పోయాడు. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. రాశాక కూడా ఎవరి ఇంటి సంగతో రాసినట్టుంది తప్ప మా ఇంట్లో జరిగినట్టు లేదు.

ఆ రోజు నేను లోడు పని మీద చీపురుపల్లిలో ఉన్నాను. సాలూరులో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమస్తాని నేను. ఎక్కడ సరుకుంటే అక్కడికి తిరగడమే ఉద్యోగం. స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా అత్త ఫోన్ చేసింది. అత్త ఎప్పుడు ఫోన్ చేసినా "తిన్నావేటిరా" అని అడిగాకే విషయంలోకి వస్తుంది. ఆ రోజు అడగలేదు.

"ఒరే, మీ మావ లెగట్నేదురా."

"అలిసిపోయి తొంగున్నాడేమో, గట్టిగా లేపు అత్తా," అన్నాను.

"లేపేం. తలుపు బద్దలుకొట్టి లేపేం. లెగట్నేదు."

వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఇంకెవరో "ఆటో కాదు, అంబులెన్సు, అంబులెన్సు" అని అరుస్తున్నారు. ఫోన్ కట్ అయింది. టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. దొరికిన బస్సు పట్టుకుని బొబ్బిలి మీదుగా బయల్దేరాను. సగం దారిలో డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చేసింది. "మన అందరి మావ గుండెపోటుతో మనల్ని విడిచి వెళ్లిపోయాడు" అని. కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. ఆ బొమ్మల్ని చూస్తూ కూర్చున్నాను. ఒక్కటీ నమ్మలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. పోలీసుల కాగితాలు, పోస్టుమార్టం పూర్తి కాలేదట, మావయ్యని ఇంకా ఇంటికి తేలేదు. అత్త గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు. మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుని చెవిలో అంది.

"గుండె కాదురా. బిళ్లలు. మళ్లీ మొదలెట్టేడు. పరుపు కింద అట్టలు దొరికినాయి."

నేను చెయ్యి విదిలించుకున్నాను. నచ్చని మాట చెప్పిన మనిషి మీద వచ్చే కోపం అది. ఊళ్లో ఇంకెవరి గురించి చెప్పినా నమ్మేవాణ్ణి. ఆ నొప్పి బిళ్లల వల్ల ఒక్క ప్రాణం కూడా పోకూడదని ఏళ్ల తరబడి లారీ యార్డులో మండుటెండలో తిరిగిన మనిషి, అవే బిళ్లలు మింగి, గదికి గడియ పెట్టుకుని పోయాడంటే ఎలా నమ్మమంటారు?

సాలూరు సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. మా ఊళ్లో ఇంటికొక లారీ మనిషి ఉంటాడు. డ్రైవరో, ఓనరో, బాడీ కట్టేవాడో, పంచర్లు వేసేవాడో, ఏదీ కాకపోతే నాలాగా బుకింగ్ గుమస్తానో. ఘాట్ రోడ్డెక్కి ఒడిశా దాటి రాయపూర్ దాకా పోయే దారి మా వాళ్లకి పెరటి సందులాంటిది. మావయ్య కూడా ఆ దారిలోనే బండి తోలాడు. ఒక వానాకాలం ఘాట్ దిగుతుంటే బ్రేకు పట్టలేదు. బండిని కొండ వైపుకి ఆనించి, రాసుకుంటూ రాసుకుంటూ ఆపాడు. సరుకు దక్కింది, బండి దక్కింది, మావయ్య నడుం దక్కలేదు. "బండికి ఇన్సూరెన్సు ఉన్నాది, నడుంకి నేదు" అని నవ్వేవాడు.

ఆ నొప్పికి తోటి డ్రైవర్లే బిళ్లలు అలవాటు చేశారు. పాత తరం డ్రైవర్లకి ఉత్తరాది దారుల్లో నల్లమందు పరిచయం. ఈ తరానికి ఈ బిళ్లలు. రెండూ ఒక జాతివేనని మా ఆస్పత్రి డాక్టరమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. మావయ్య తన కథని దాచుకునేవాడు కాదు. "మొదట నొప్పికి ఏసుకున్నాను, తరవాత నిద్దరకి ఏసుకున్నాను, ఆ తరవాత ఊరికే ఏసుకున్నాను" అని అందరికీ చెప్పేవాడు. చివరికి అత్త దగ్గరుండి విజయనగరం తీసుకెళ్లి వైద్యం చేయించింది. చాలా అవస్థ పడ్డాడు. మానేశాడు. బండి కూడా మానేసి, యార్డు గేటు దగ్గర బళ్లు లోపలికీ బయటికీ పంపించే పనిలో కుదిరాడు.

లారీవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. నిద్రపోతున్న డ్రైవర్ని ఎవరూ లేపకూడదు. నిద్ర చాలని డ్రైవరు ఘాట్ ఎక్కితే తనతోపాటు ఇంకెందరిని తీసుకుపోతాడో తెలియదు కాబట్టి, మా ఊళ్లో డ్రైవరు నిద్రకి ఉన్న మర్యాద పెళ్లికొడుక్కి కూడా ఉండదు. సరుకు ఎంత తొందరైనా ఓనరు కాచుకుంటాడు. చందాలకొచ్చినవాళ్లు వెనక్కి పోతారు. కేబిన్ పక్కన పిల్లలు గోల చేస్తే దారిన పోయేవాళ్లు కసురుతారు. ముఖం మీద ఎండ పడుతుంటే ఎవరో ఒకరు వచ్చి అద్దానికి అడ్డంగా లుంగీ కడతారు, ముక్కూ ముఖం తెలియనివాడి బండైనా సరే. మంచి కట్టుబాటే. దానివల్లే ఒక మనిషి పోయాడు.

అతనిది బొబ్బిలి వైపు. పెళ్లయి ఏడాది తిరగలేదు. ఒక మధ్యాహ్నం యార్డులో బండి పెట్టి, అద్దాలెత్తుకుని పడుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది. మామూలు గురక కాదు, ఎసరు మరిగినట్టు గుడగుడ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకున్నారు. "ఒరే, ఆడికి బాగా పట్టేసినాదిరా నిద్దర" అనుకున్నారు. పక్క బండివాడు పాటలు ఆపేశాడు. ఎండ తిరిగి అతని ముఖం మీదికి వస్తుంటే మా మావయ్య తన లుంగీ తెచ్చి అద్దానికి కట్టాడు. టీ వేళకి గురక ఆగిపోయింది. అప్పుడు కూడా ఎవరూ లేపలేదు. ఇప్పటికి హాయిగా పడుకున్నాడులే అనుకున్నారు.

చీకటి పడ్డాక తలుపు తీస్తే మనిషి చల్లబడిపోయి ఉన్నాడు, పక్కన ఆ బిళ్లల అట్ట. వాళ్లవాళ్లొచ్చి తీసుకుపోయాక మావయ్య యార్డు గోడ మీద కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నీడ కట్టేనురా," అన్నాడు. "ఆడు ఊపిరాడక సచ్చిపోతంటే, ఎండ తగుల్తాదని నాను నీడ కట్టేను. ఆ బిళ్లలు నాకు తెల్దా? ఆ గురక నాకు తెల్దా? ఎరిగుండీ నీడ కట్టేను."

"పద మావయ్యా, ఇంటికెల్దాం" అన్నాను. ఇంటికి వచ్చాడు గానీ అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచి ఆ కట్టుబాటుని తిరగేశాడు. టైర్లలో గాలి చూడటానికి డ్రైవర్ల దగ్గర ఒక ఇనప రాడ్డు ఉంటుంది. దాంతో టైరు మీద కొట్టి, చప్పుడు విని, గాలి ఉందో తగ్గిందో చెప్పేస్తారు. మావయ్య ఆ రాడ్డు పట్టుకుని మధ్యాహ్నం భోజనాలయ్యాక యార్డంతా తిరిగేవాడు. అద్దాలెత్తి ఉన్న ప్రతి కేబిన్ తలుపూ కొట్టేవాడు. లోపలి మనిషి పలకాలి. లేవక్కర్లేదు, తలుపు తియ్యక్కర్లేదు.

"తిడితే సాలు," అనేవాడు. "తిట్టినోడు బతికున్నట్టే."

తిట్టారండీ, మామూలుగా తిట్టలేదు. తెలుగులో తిట్టారు, హిందీలో తిట్టారు, ఒడియాలో తిట్టారు. మావయ్య తల్లిని, అంటే సాక్షాత్తూ మా అమ్మమ్మని, పట్టపగలు యార్డు నడిబొడ్డున తిట్టారు. మావయ్య ఏమీ అనుకోలేదు సరికదా, తిట్టు బాగుంటే నిలబడి తల ఆడించేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ నువ్వులద్దిన బెల్లం జీళ్ల పొట్లం ఉండేది. గొప్పగా తిట్టినవాడి అద్దం సందులోంచి ఒక జీడి లోపలికి పడేసి, "తొంగో నాయనా, తొంగో" అని తర్వాతి బండికి పోయేవాడు. ఇంటికొచ్చి ఆ రోజు తిన్న తిట్లన్నీ అత్తకి అప్పజెప్పేవాడు. అత్త చారు వడ్డిస్తూ, "ఊరోళ్ల తలుపులన్నీ కొట్టడానికి ఓపికుంటాది, మనింటి గోడ బీట తీసింది సూడ్డానికి మాత్రం నడుం నొప్పి" అనేది. మావయ్య ఆ తిట్టుకి కూడా జేబులోంచి జీడి తీసి ఇవ్వబోయేవాడు.

అందరికీ ఇది నచ్చలేదు. డ్రైవర్ల సంఘం పెద్దాయన ఒకరోజు మా ఆఫీసు అరుగు మీద మావయ్యని నిలదీశాడు.

"బిళ్లలు మానండ్రా అని సెప్పాల గానీ, ఒంటరిగా మింగకండి, తలుపు తీసుకుని మింగండి అని సెప్తావేటి? ఇది నేర్పడం కాదేటి?"

"సచ్చినోడు ఎలా మానతాడు బావా?" అన్నాడు మావయ్య. "ముందు బతకనీ. బతికుంటే ఏదో ఒకనాడు మానతాడు. నాను మాన్నేదా?"

మావయ్య చెప్పేవి అన్నీ ఇలాంటి మాటలే. గడియ పెట్టొద్దు అనేవాడు. బిళ్ల మీద మందు పోసుకోవద్దు, మందు మీద బిళ్ల వేసుకోవద్దు అనేవాడు. డాక్టరమ్మ దగ్గర అబద్ధమాడొద్దు అనేవాడు. ఒక మాట మాత్రం మానేసినవాళ్లని ప్రత్యేకంగా పట్టుకుని చెప్పేవాడు. "మానేసిన ఒంటికి అలవాటు పోతాదిరా. అప్పుడు మోసిన బరువు ఇప్పుడు మొయ్యలేదు. బుద్ధి గడ్డి తిని మళ్లీ ముట్టుకున్నా, పాత లెక్కన మాత్రం ముట్టుకోకు. పోతావు." ఈ మాట ఆయన నోట విని విని నాకు కంఠతా వచ్చేసింది. అందుకే నా కోపం ఇంకా చల్లారలేదు. తెలియక పోయినవాడి మీద జాలి పడొచ్చు. ఇంత తెలిసినవాడి మీద ఏం పడాలి?

ప్రభుత్వాస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఈ తిట్ల వ్యవహారం విని, చూద్దామని తనే యార్డుకి వచ్చింది. శ్రీకాకుళం ఆడపడుచు. మాట మా మాటే, బెరుకు లేదు. గురక గుడగుడలాడుతున్నా, పెదవులు నీలంగా తిరిగినా, కుదిపి పిలిస్తే పలకకపోయినా అది నిద్ర కాదని మా అందరికీ విడమరిచి చెప్పింది. ఆస్పత్రిలో దీనికి విరుగుడు సూది ఉంటుందని, అంబులెన్సు వచ్చేలోగా నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదుతూ ఉంటే ప్రాణం నిలబడుతుందని చెప్పింది. నేర్పడానికి ఒక రబ్బరు బొమ్మ తెచ్చింది. వచ్చిన చిక్కల్లా ఆ బొమ్మది ఆడముఖం. ఘాట్ మీద దేనికీ జంకని మగాళ్లు దాని నోట్లో నోరు పెట్టడానికి సిగ్గుపడి ఒకడి వెనక ఒకడు నక్కారు. మావయ్య చూశాడు, చూశాడు, పక్కనున్న బండి కిందికి చెయ్యి పెట్టి వేలితో గ్రీజు తీసి బొమ్మకి మీసం దిద్దాడు.

"ఇదిగో, ఇప్పుడు మనోడే. ఊదండి."

అందరూ ఊదారు. మూతులు నల్లగా చేసుకుని ఇళ్లకి పోయారు. ఆ మీసం ఎంత తోమినా పూర్తిగా పోలేదని డాక్టరమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆ ఊదడం వృథా పోలేదు. ఒక వేసవిలో జయపురం నుంచి వచ్చిన బండి తలుపు కొడితే లోపల్నుంచి తిట్టు రాలేదు. మళ్లీ కొట్టాడు. రాలేదు. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాను. మావయ్య ఆ రాడ్డుతోనే అద్దం పగలగొట్టాడు. నలుగురూ కలిసి డ్రైవర్ని కిందికి దించి టార్పాలిన్ మీద పడుకోబెట్టారు. మావయ్య నడుం వంగదు కదా, తనూ నేల మీద పక్కనే పడుకుని, అతని ముఖం తన వైపు తిప్పుకుని ఊదాడు. ఆయన అలిసిపోతే ఇంకొకడు, అతను అలిసిపోతే ఇంకొకడు. అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో సూది వేశాక ఆ మనిషి కళ్లు తెరిచి, చుట్టూ చూసి, ఒడియాలో ఏదో బండబూతు తిట్టాడు. మావయ్య ఆస్పత్రి మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తిట్టుకి అర్థమేమిటని ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పలేదు. ఇక చెప్పేవాడు లేడు.

అప్పట్నుంచి మావయ్య మాకందరికీ గొప్పవాడు అయిపోయాడు. ఎక్కడ సభ పెట్టినా ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లం. శాలువా కప్పేవాళ్లం. "బిళ్లల్ని జయించిన మనిషిని చూడండి" అని మైకులో చెప్పేవాళ్లు. ఆయన నడుం నొప్పికి కుర్చీలో కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ కదులుతుంటే సిగ్గుపడుతున్నాడు అనుకునేవాళ్లం. యార్డులో ఎవడికి కాలు జారినా వచ్చి చెప్పుకోవడానికి మావయ్య ఉన్నాడు. మావయ్యకి ఎవరున్నారు? గెలిచాడని ఊరంతా శాలువాలు కప్పిన మనిషి, మళ్లీ ఓడిపోతున్నానని ఎవరితో చెప్పుకుంటాడు?

మొన్న వానల్లో పెరట్లో జారిపడ్డాడు. నడుం మళ్లీ పట్టేసింది. "తగ్గిపోయినాదిరా" అన్నాడు, మేం నమ్మేశాం. యార్డుకి రావడం మానలేదు, తలుపులు కొట్టడం మానలేదు. తిట్లకి నవ్వడం మాత్రం తగ్గించాడు. అలసటేమో అనుకున్నాం. మంచం పట్టకుండా తిరుగుతున్నాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. డాక్టరమ్మ చెప్పిందాని ప్రకారం, ఆయన పోయిన రోజు పాత లెక్కనే మింగాడు. ఒళ్లు మాత్రం పాత ఒళ్లు కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా మావయ్య రచ్చ గెలిచి వచ్చి ఇంట్లో ఓడిపోయాడు.

దహనం వేగావతి ఒడ్డున జరిగింది. అక్కణ్నుంచి తిరిగి వస్తుంటే మావయ్య అన్నగారు నన్ను పక్కకి పిలిచాడు. నాకు పెద్ద మావయ్య. పెద్దమనిషి, నెమ్మదస్తుడు, ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదు.

"గుండెపోటు అనే సెప్పాల. పోయినోడి పరువు మన సేతిలో ఉన్నాది," అన్నాడు. "ఆడిని సూసి ఎంతమంది మానేరు? ఇప్పుడు నిజం తెలిస్తే ఆళ్లేటనుకుంటారు? ఈడే నిలబడనేదు, మనమెంత అనుకుంటారు. ఆడు కట్టిందంతా కూలిపోతాది. ఇనపడతన్నాదా?"

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. నాకూ అదే నయమనిపించింది. గ్రూపులో ఎలాగూ గుండెపోటని వచ్చేసింది. ఇంటికొచ్చి అదే మాట అత్తకి చెప్పాం. అత్త ఒక్కటే అడిగింది.

"గుండెపోటని సెప్తే, మానేసి మళ్లీ మొదలెట్టినోళ్లు ఏటి జాగర్త పడతారు బావగారూ?"

పెద్ద మావయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. మావయ్యలాగే సిగ్గుతో దాచుకుని, పాత లెక్కన మింగడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు యార్డులో ఎవరెవరున్నారో మాలో ఎవరికీ తెలియదు. వాళ్లకి ఈ చావు గుండెపోటుగా తెలిస్తే ఒక దండం పెట్టి ఊరుకుంటారు. అయినా నేను నోరు మెదపలేదు.

కర్మలు కాకముందే సంఘం వాళ్లు యార్డులో సంతాప సభ పెట్టారు. ఎండ తగలకుండా టార్పాలిన్లు కట్టారు. మావయ్య ఫొటోకి పెద్ద దండ వేశారు. డ్రైవర్లు చాలామంది వచ్చారు, బళ్లు రోడ్డు పక్కన ఆపి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. సంఘం పెద్దాయన మైకు తీసుకుని, తను ఒకప్పుడు మావయ్యతో వాదించిన సంగతి చెప్పి, "అంత మంచి గుండె ఆగిపోయినాది" అని కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. అత్త దిగింది.

మా వైపు మొగుడు పోయిన మనిషి కర్మలయ్యేదాకా గడప దాటదు. ఎవరికీ ఎదురు పడదు. డ్రైవర్లు పక్కకి తప్పుకున్నారు. దారి ఇవ్వడానికో, శకునం భయానికో నాకు తెలియదు. పెద్ద మావయ్య కంగారుగా లేచి, "ఇదేటమ్మా, ఇంటికెల్లు, బేగెల్లు" అన్నాడు. అత్త ఆయన్ని దాటుకుని ముందుకి వచ్చింది. మైకు ఆమెకి అందలేదు. ఎవరో కిందికి దించబోతే వద్దంది. అత్తది ముందే పెద్ద గొంతు.

"గుండెపోటు కాదు," అంది. "మీ మావ బిళ్లలు మింగి సచ్చిపోయేడు. మానేసి, మళ్లీ మొదలెట్టి, నాకు సెప్పకుండా గదికి గడియెట్టుకుని మింగేడు. మీకు ఏది వద్దన్నాడో, అదే సేసేడు."

పెద్ద మావయ్య కుర్చీలో కూర్చుండిపోయాడు.

"నాను వంటింట్లో ఉన్నాను. గురక ఇనపడినాది. అలాగ గురకెట్టే మడిసి కాదు. అయినా నానేటనుకున్నాను? పాపం, నడుం నొప్పితో కంటి మీద కునుకు నేదు, ఇప్పటికి నిద్దర పట్టినాది, తొంగోనీ అనుకున్నాను. టీవీ సౌండు తగ్గించేను."

ఈ సంగతి అత్త నాకు కూడా అంతకుముందు చెప్పలేదు. ఫోన్లో చెప్పలేదు, చెవిలో చెప్పినప్పుడు చెప్పలేదు, ఇన్ని రోజులూ చెప్పలేదు. నా పక్కనున్న డ్రైవరు "ఓలమ్మా" అన్నాడు. ఆ సౌండు తగ్గిన గదిలో కూర్చుని ఆమె కూరగాయలు తరుక్కుందో, బియ్యం ఏరుకుందో.

"మీ అందరి తలుపులూ కొట్టేడు ఆయన," అంది అత్త. "ఆయన తలుపు నాను కొట్టనేదు. ఇది సెప్పుకోడానికి నాకు సిగ్గే. ఆయనకీ సిగ్గే, అందుకే సెప్పుకోనేదు. మనమందరం శాలువాలు కప్పేం కదా, ఏ నోటితో సెప్తాడు? మీలో ఎవులన్నా మళ్లీ మొదలెట్టుంటే దాసుకోకండి. పెళ్లానికి సెప్పండి, అమ్మకి సెప్పండి. తిడతాది. తిట్టనీండి."

అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంఘం పెద్దాయన మైకు ఆపేశాడు. అత్త వెనక్కి తిరిగి, పక్కనే ఉన్న పాత టైరు మీద కూర్చుంది. నేను నీళ్లు తేవడానికి కదిలాను.

అప్పుడు వెనకవరసలోంచి ఒకతను ముందుకి వచ్చాడు. గజపతినగరం వైపు డ్రైవరు, పేరు నాకు సరిగ్గా తెలియదు. నడివయసు, మాట తక్కువ మనిషి. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉన్నాడు గానీ ఏమీ మాట్లాడటం లేదు. ఫోన్లోంచి ఆడగొంతు మా అందరికీ వినపడుతోంది. "అలో? అలో? ఏటి మాటాడవు? ఏటయినాది?" అతను అత్త ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఫోన్ ఆమె వైపు చాచాడు.

"అత్తా, నా ఆడమనిషికి నువ్వే సెప్పు. నాకు నోరు రాట్నేదు."

అత్త అతని ముఖంలోకి చూసింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుని రెండు చేతులతో ఫోన్ అందుకుంది.

"అమ్మా, నాను సాలూరు నుంచి మాటాడతన్నాను. కంగారు పడకు. నీ పెనిమిటి బతికే ఉన్నాడు. నా ఎదరే నిలబడున్నాడు. కూకున్నావా? కూకుని, నా మాట ఇను."

అతను అక్కడే నేల మీద గొంతుక్కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అతని వెనక ఇంకొక డ్రైవరు జేబులోంచి ఫోన్ తీసి, చేతిలో పట్టుకుని, నిలబడి ఉన్నాడు.